సగం బలం దాచుకో

వేటపాలెం నేత ఇంట్లో గుంట మగ్గం ముందు కాసేపు కూర్చుంటే ఒంటి కష్టం ఎలా ఉంటుందో కళ్ళకు కడుతుంది. గుంటలో వేలాడే కాళ్ళు పలకలను మార్చి మార్చి తొక్కుతుంటాయి. ఒక చెయ్యి తాడు లాగితే నాడె అటునుంచి ఇటు దూసుకొస్తుంది, రెండో చెయ్యి పేకను దగ్గరకు కొడుతుంది. పొద్దుగూకాక నేసేవాడు ఒక్కసారిగా లేవడు. గుంట అంచున రెండు చేతులూ ఆనించి, ఓ క్షణం ఆగి, అప్పుడు నడుము నిలుపుతాడు. ఒంటిని కదిలించడమే ఆరోగ్యమైతే ఇతనికి లోటు ఉండకూడదు. కానీ వయసు మీదపడే కొద్దీ నడుము, భుజాలు, మోకాళ్ళు మొరాయించడం మగ్గం ఇళ్ళలో కొత్త సంగతి కాదు. కష్టానికీ వ్యాయామానికీ తేడా ఎక్కడుంది? కదలికలో కంటే, కదలిక ఆగాక ఏం జరుగుతుందన్న దానిలోనే ఉంది. ఈ సంగతి మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు.

వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం వ్యాయామానికి ఒక హద్దు గీసింది. పుష్టిగా తినే బలవంతుడైనా చలికాలంలో, వసంతంలో తన బలంలో సగం వరకే వాడాలి. మిగతా రుతువుల్లో ఇంకా తక్కువ. అయ్యాక ఒళ్ళంతా హాయిగా మర్దన చేసుకోవాలి. అతి చేస్తే దాహం, ఆయాసం, దగ్గు, జ్వరం తప్పవని హెచ్చరించింది. సగం బలం అయిపోయిందని తెలిసేదెలా? ఊపిరి నోటికి ఎగదన్నడమే గుర్తని సుశ్రుత సంహిత చెప్పింది. చరకుడు నిద్రను దేహాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో ఒకటిగా లెక్కించాడు.

ఈ ఎరుక గ్రంథాల్లోనే ఉండిపోలేదు. కుస్తీ గోదాలో దండీలు, బస్కీలు ఎంత ముఖ్యమో ఆ తర్వాతి నూనె మర్దన అంత ముఖ్యం. నలుగు, తలంటు, ఆపైన కమ్మని నిద్ర పండగనాడు ప్రతి ఇంటికీ అందేవి. చాలా చేతివృత్తుల్లో అమావాస్యనాడు పనిముట్టు ముట్టని ఆచారం ఉంది. భక్తి పేరు పెట్టుకున్నా అది ఒంటికి దొరికిన సెలవే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు గుండెల మీద ఏనుగును నిలిపిన బలశాలిగా అందరికీ గుర్తు. అంత బలవంతుడూ ఊపిరిని అదుపులో పెట్టుకునే ప్రాణాయామాన్ని సాధనలో భాగం చేసుకున్నాడు.

పడమటి శాస్త్రం ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. 1902లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త థియోడర్ హఫ్, అలవాటులేని పని చేసిన మర్నాడు పుట్టే కండరాల నొప్పిని పరిశీలించి, కండరం లోపలి చిన్న చిన్న చిరుగులే దానికి కారణమన్నాడు. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లే ఆ నొప్పి అని జిమ్ముల్లో ఇప్పటికీ అంటారు గానీ, ఆ ఆమ్లం గంటా గంటన్నరలో ఒంట్లోంచి తొలగిపోతుంది. 1930లలో జర్మన్ కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్ పరుగును ముక్కలు చేసి, మధ్య విరామాన్ని గుండె వేగంతో కొలిచాడు. గుండె గట్టిపడేది ఆ విరామంలోనే అన్నది అతని వాదన. అతని శిష్యుడు రుడోల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. దెబ్బ తగిలితే మంచు పెట్టమని 1978లో ప్రచారం చేసిన అమెరికన్ వైద్యుడు గేబ్ మర్కిన్, మంచు మానుదలను ఆలస్యం చేయవచ్చని తర్వాతి కాలంలో తానే ఒప్పుకున్నాడు.

కోలుకోవడమనే ఈ పాఠాన్ని మోకాలితో నేర్చుకున్నవాడు వేటపాలేనికి దగ్గరి ఊరివాడే. ఇంకొల్లు దగ్గరి నాగండ్లలో 1973లో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994 పుణె జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్సలు, నెలల తరబడి కోలుకోవడం, మళ్ళీ మొదటినుంచి సాధన. 2001 మార్చిలో చెన్ హాంగ్‌ను 15–12, 15–6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. ఆయన అకాడమీలో ఎదిగిన పి.వి. సింధు 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాలినొప్పితోనే స్వర్ణం అందుకుంది. చీలమండలో ఎముక చిట్లిందని తేలాక ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుని, 2023 జనవరిలో గానీ కోర్టులోకి రాలేదు. క్రీడాకారులు వాగ్భటుడి సగం హద్దును దాటక తప్పదు. దాటినంతా అప్పే. తీర్చడానికి వాళ్ళ వెనక ఫిజియో ఉంటాడు, గడువు ఉంటుంది.

పతకాలతో పనిలేని మనకూ ఇది వర్తిస్తుంది. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం సుమారు 2,400 మందిని ఆరేళ్ళు గమనించింది. గట్టి వ్యాయామం ఆపిన మొదటి నిమిషంలో గుండె వేగం 12 స్పందనలకు మించి తగ్గనివాళ్ళకు మరణం ముప్పు ఎక్కువని తేల్చింది. అంటే గుండె ఎంత పరుగెత్తగలదన్నదే కాదు, ఎంత త్వరగా నెమ్మదిస్తుందన్నదీ ఆయుష్షుకు గుర్తే. 2018లో డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం మరో చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేసింది. తీరిక వేళ వ్యాయామం గుండెను కాపాడుతుంటే, బతుకుతెరువు కోసం పడే కాయకష్టం ఎందుకు కాపాడదు? వాళ్ళు చూపిన ఆరు కారణాల్లో ఒకటి, కోలుకునే వ్యవధి చాలకపోవడం.

మనం మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కార్మికుడికి వారానికి 48 గంటల హద్దు, ఒక సెలవు ఇచ్చింది. ఇంట్లో మగ్గం నేసేవాడు ఆ గీత బయటే ఉండిపోయాడు. అతనికి కూలి నేసిన చీరకే గానీ ఆగిన నడుముకు కాదు. ముసురు పట్టి గుంటలో నీళ్ళు ఊరితే మగ్గం దానంతటదే ఆగుతుంది. అప్పుడు ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, ఇంట్లో పొయ్యికి కూడా దొరుకుతుంది. ఆ విశ్రాంతిని ఏ వాగ్భటుడూ వైద్యమనడు.