శిశువుకు పాలు పడకపోవుట

పసిబిడ్డకు పాలే ప్రాణాధారము. అట్టి పాలు కొందరు శిశువుల కడుపున ఇమడక వాంతులు, విరేచనములు కలిగించుటకు కారణమేమి? దీనికి సమాధానము రెండు దారులలో లభించినది.

20వ శతాబ్దారంభమున జర్మను వైద్యులు కొందరు శిశువులు ఆవుపాలు త్రాగిన వెంటనే తీవ్రమైన అస్వస్థతకు గురియగుట గమనించిరి. దోషము ఆవుపాలలోని మాంసకృత్తులదని, శిశుదేహము వాటిని శత్రువులుగా ఎంచి ప్రతిఘటించునని క్రమముగా తేలినది. 1909లో బాల్టిమోరు వైద్యుడు జాన్ రూరా శిశువుల ఆహారముగా సోయాచిక్కుడును పరీక్షించెను. 1929లో హిల్, స్టువర్టు అను వైద్యులు పాలు పడని శిశువులకై సోయా ఆహారమును రూపొందించిరి.

రెండవ దారి 1959లో తెరచుకొన్నది. మాంచెస్టరులో హోల్జెల్, ఆయన సహచరులు పాలచక్కెరయగు లాక్టోజు జీర్ణము కాక కృశించిన శిశువులను వర్ణించిరి. చిన్నప్రేగులో లాక్టేజు అను ఎంజైము ఈ చక్కెరను విడగొట్టవలెను. అది లోపించినచో, చక్కెర పెద్దప్రేగు చేరి పులిసి, వాయువును, నీళ్ళ విరేచనములను కలిగించును. పుట్టుకతోనే ఈ లోపముండుట మిక్కిలి అరుదు. విరేచనవ్యాధి తరువాత తాత్కాలికముగా కలుగవచ్చును.

ఈ రెంటిని వేరుచేసి చూచుట ముఖ్యము. తల్లిపాలలో లాక్టోజు సుమారు 7 శాతము. ఆవుపాలలో 5 శాతమునకు లోపే. దోషము చక్కెరదైనచో తల్లిపాలే ఎక్కువ బాధించవలెను. తల్లిపాలతో హాయిగానుండి, ఆవుపాలతో బాధపడు బిడ్డ విషయమున అనుమానింపవలసినది మాంసకృత్తులనే. కనుక వైద్యపరీక్ష లేకుండ తల్లిపాలు మాన్పించుట తగదు.