గంజీఫా: సంప్రదాయ పేక చరిత్ర, ఎంపిక

గంజీఫా అంటే చేత్తో బొమ్మలు వేసి లక్క పూసిన గుండ్రని పేకముక్కలు, వాటితో ఆడే ఆట కూడా. పర్షియా వైపు నుంచి ఉత్తర భారతానికి, అక్కడి నుంచి దక్కనుకు చేరింది. తెలుగునాట నొస్సం (నేటి నంద్యాల జిల్లా), నిర్మల్ వీటి తయారీకి పేరుపడ్డ ఊళ్లు.

మొగలు కాలపు ఆధారాలు పుష్కలం. 1527లో బాబరు సింధు పాలకుడు షా హుస్సేనుకు ఈ పేక పంపించినట్టు తన ఆత్మకథలోనే రాసుకున్నాడు. అక్బరు కొలువులో అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో 12 రంగుల, 144 ముక్కల పాత పేకను వర్ణించాడు. అశ్వపతి, గజపతి, నరపతి, గఢపతి, ధనపతి ఇలా సాగే ఆ రంగులు తెలుగువారికి కొత్తవి కావు. గజపతికి ఉదాహరణగా అతడు ఒడిశా రాజునే చూపాడు. నెల్లూరు జిల్లా కావలికి పడమటనున్న ఉదయగిరి దుర్గం గజపతి ప్రతాపరుద్రుని ఏలుబడిలో ఉండగా, నరపతి బిరుదున్న విజయనగర ప్రభువు శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి గుడి కట్టించాడు. పేకలో ఎదురుపడే రాజులు నెల్లూరు సీమలో నిజంగానే తలపడ్డారన్నమాట.

తర్వాత స్థిరపడిన మొగలు పేకలో 8 రంగులు, 96 ముక్కలు. దక్షిణాదిన, ఒడిశాలో, మహారాష్ట్రలో ఆదరణ పొందిన దశావతారి పేకలో 10 రంగులు, 120 ముక్కలు. ప్రతి రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు ఉంటాయి. మత్స్యానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురామునికి గండ్రగొడ్డలి గుర్తులు. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది. ఆట పగలైతే రాముడు పడ్డవారు, రాత్రయితే కృష్ణుడు పడ్డవారు మొదలుపెడతారు. ఎంతో అందమైన నియమమిది.

మైసూరులో 19వ శతాబ్దంలో ముమ్మడి కృష్ణరాజ ఒడయరు ఈ ఆటను 360 ముక్కల దాకా పెంచి, 13 రకాలను ‘శ్రీతత్త్వనిధి’లో ఎక్కించాడు. చవకైన అచ్చుపేక వచ్చాక చేతిపని అంతటా వెనకబడింది. మైసూరు గంజీఫాకు మళ్లీ ప్రాణం పోసిన చిత్రకారుడు రఘుపతి భట్ట.

గంజీఫాతో పోల్చిచూడదగ్గ ఐరోపా టారో పేక 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో పుట్టింది. 78 ముక్కల ఆ పేక ఆడుకోవడానికే. జోస్యపు పేరు 1781లో కూర్ ద జెబెలాన్ రాతలతో దానికి అంటుకుంది. పాత తరహా కావాలనేవారు మార్సెయ్ పద్ధతి పేకను ఎంచుకుంటారు. అందులో అంకెల ముక్కల మీద గుర్తులే తప్ప కథాచిత్రాలు ఉండవు. ఆ చిత్రాలకు ప్రచారం తెచ్చింది లండన్‌లో 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన పేక. గంజీఫాదీ మార్సెయ్ దారే. అంకెల ముక్కల మీద గుర్తుల లెక్కే ముఖ్యం.

గంజీఫా ఎంపికలో మొదట చూడవలసింది పేక పూర్తిగా ఉందా అన్నది. చట్రంలో బిగించి గోడకు వేలాడదీయడానికి అమ్మే పది అవతారాల ముక్కలు అలంకారానికే తప్ప ఆటకు పనికిరావు. దశావతారి పేకైతే 120 ముక్కలూ లెక్కపెట్టుకోవాలి. తొమ్మిదికీ పదికీ తేడా చూడగానే తెలియాలి. వెనకవైపు ఒకే రంగు, మచ్చ లేకుండా ఉండాలి. ఏ ముక్కనైనా వెనక నుంచి గుర్తుపట్టగలిగితే ఆట చెడుతుంది. ఒడిశా పనివారు చింతగింజల జిగురుతో గుడ్డ పొరలు అతికించి, సుద్ద పూసి, ఆరాక గుండ్రంగా కోస్తారు. అంచు చూస్తే ఆ పొరలు కనబడతాయి. ఆ పని పూరీ దగ్గరి రఘురాజపురంలో నేటికీ జరుగుతోంది. కొనేముందు పనివాళ్ల చేతనే ఒక ఆట ఆడించి చూడటం మంచిది.