మార్షల్ దీవుల అణుధూళి: రేడియేషన్ మోతాదుల లెక్క మారిన తీరు

పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో, బికినీ, ఎనివెటాక్ పగడపు దీవులను వేదికగా చేసుకుని అమెరికా 1946 నుంచి 1958 వరకు 67 అణుపరీక్షలు జరిపింది. ఆ పరీక్షల వల్ల ద్వీపవాసులు ఒక్కొక్కరికి ఎంత రేడియేషన్ సోకిందో తేల్చే పని అర్ధశతాబ్దం దాటి సాగగా, లెక్క ఎన్నోమార్లు మారింది. పరికరాల లోపం కన్నా, అక్కడి మనుషులు ఏం తింటారు, ఏం తాగుతారు, వారిలో పసివాళ్లెందరు అన్న సంగతులను తొలి లెక్కలు చాలినంతగా పట్టించుకోకపోవడమే అందుకు ముఖ్య కారణం.

1954 మార్చి 1న బికినీలో పేల్చిన ‘బ్రావో’ బాంబు శక్తి, ముందు వేసిన అంచనాకు రెండున్నర రెట్లుగా, 15 మెగాటన్నులకు చేరింది. పొడిపొడిగా మారి ఆకాశానికి ఎగసిన పగడపు దిబ్బ, కొద్ది గంటల్లోనే తెల్లని ధూళిగా రొంగెలాప్ దీవిపై రాలి, ఇళ్ల మీద, ఆరుబయట ఉన్న ఆహారం మీద, వాననీటి తొట్లలో పడింది. రొంగెలాప్‌లో 64 మంది, పొరుగున ఐలింగినేలో 18 మంది ఆ ధూళిలోనే రెండు రోజులు గడిపాకగానీ వారిని అక్కడి నుంచి తరలించలేదు. రొంగెరిక్ వాతావరణ కేంద్రంలోని కొలమానం గంటకు 100 మిల్లీరాంట్జెన్ల గరిష్ఠ గీత దాటి ఆగిపోయింది కాబట్టి, తర్వాతి రోజుల్లో తీసిన కొలతల నుంచి వెనక్కి లెక్కగట్టి, రొంగెలాప్ వాసుల ఒంటికి బయటి నుంచి తగిలిన మోతాదు దాదాపు 1.75 గ్రేలని నిర్ధారించారు. ‘గ్రే’ అంటే కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహించినప్పటి మోతాదు.

లోపలి మోతాదు సంగతి ఇంకా చిక్కుది. ధూళితో పాటు మింగిన రేడియోధార్మిక అయోడిన్‌ను గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఏరి దాచుకుంటుంది. ఏడాది పసివాడి గ్రంథి పెద్దల గ్రంథిలో పదో వంతు బరువు కూడా ఉండకపోవచ్చు కనుక, అంతే అయోడిన్ చేరినా బిడ్డకు అనేక రెట్ల మోతాదు పడుతుంది. రెండు వారాలు గడిచాక సేకరించిన మూత్రంలో, ఎనిమిది రోజుల్లో సగమయ్యే అయోడిన్-131 మాత్రమే దొరికింది; గంటల్లోనే తరిగిపోయే మిగతా అయోడిన్ రూపాలు అప్పటికి జాడ లేకుండా పోయాయి. 1963లో థైరాయిడ్ కణుతులు బయటపడటం మొదలయ్యాక, ఆ మూత్ర పరీక్షల ఆధారంగా పెద్దల థైరాయిడ్‌కు దాదాపు 3.35 గ్రేలు, నాలుగేళ్లలోపు పిల్లలకు 7 నుంచి 14 గ్రేలు పడ్డాయని లెక్క వేశారు. బ్రూక్‌హేవన్ ప్రయోగశాల 1985లో తిరిగి లెక్కిస్తే పెద్దలకు సుమారు 10, ఏడాది బిడ్డకు 50 గ్రేలు తేలాయి. ఆ పిల్లలు ఎదిగి ఆపరేషన్ల పాలయ్యాక ఈ అంకె వెలువడిందన్న సంగతి ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైనది.

బికినీ కథలో కారకం సీజియం-137. అది సగం కావడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. 1946లోనే దీవి ఖాళీ చేసిన వారు తిరిగి రావచ్చని 1968లో ప్రకటించాక కొన్ని కుటుంబాలు 1970ల్లో వచ్చి స్థిరపడ్డాయి. పొటాషియం కరువైన పగడపు ఇసుకలో కొబ్బరి, మొగలి, సీమపనస చెట్లు పొటాషియానికి రసాయనికంగా దగ్గరి బంధువైన సీజియాన్ని ఆత్రంగా పీల్చుకుంటాయి. ఆ కొబ్బరినే నీళ్లుగా, పాలుగా, కూరగా రోజంతా వాడే ప్రజల ఆహార లెక్కలో కొబ్బరి వాటా తక్కువగా వేశారు. ఒంట్లోని సీజియాన్ని బయటి నుంచే కొలిచే యంత్రంలో అంకెలు పెరుగుతూ పోయేసరికి 1978లో వారిని మళ్లీ తరలించారు. పొటాషియం ఎరువు వేస్తే పండ్లలో సీజియం పదో వంతుకో అంతకన్నా తక్కువకో పడిపోతుందని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల తర్వాత నిరూపించింది. 1957లో తిరిగి వెళ్లిన రొంగెలాప్ వాసులైతే, ఆ నేలపై నమ్మకం పోయి, 1985లో గ్రీన్‌పీస్ ఓడలో తమంతట తాము దీవి విడిచారు.

దేశం మొత్తాన్ని పరిగణించిన లెక్కలు చాలా ఆలస్యంగా వచ్చాయి. పరీక్షల వల్ల జీవితకాలంలో అదనంగా సుమారు 530 క్యాన్సర్లు రావచ్చని 2004లో అంచనా వేసిన అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, పాత మూత్ర పరీక్షలనూ మట్టిలోని సీజియం కొలతలనూ కలిపి మళ్లీ లెక్కించి, 2010లో ఆ సంఖ్యను 170కి తగ్గించింది. రొంగెలాప్ పెద్దల థైరాయిడ్ మోతాదును దాదాపు 7.6 గ్రేలుగా నిర్ణయించింది. జనమందరినీ కలిపి చూస్తే అదనపు క్యాన్సర్లు మొత్తంలో 1.6 శాతమే. కానీ రొంగెలాప్, ఐలింగినేల్లో ధూళికి గురైన 82 మందికి వచ్చే క్యాన్సర్లలో 55 శాతానికి, ఉట్రిక్ దీవిలోని 157 మందికి వచ్చేవాటిలో 10 శాతానికి అణుధూళే కారణమని అదే అధ్యయనం చెప్పింది. ఆ 55 శాతం అన్న అంకెకు అనిశ్చితి 28 నుంచి 69 శాతం వరకు ఉంది.