కంప్యూటరు తొలి పేజీ: అక్షరాల నుంచి బొమ్మల దాకా

మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళల్లో ఇప్పుడు ఏదో ఒక కంప్యూటరు ఉంటోంది. అమ్మాయి అమెరికా వెళ్తూ వదిలిపెట్టినదో, మనుమడి చదువు కోసం కొన్నదో అయివుంటుంది. స్విచ్ వేస్తే విండోస్ వస్తుందని అందరికీ తెలుసు. అయితే విండోస్ కంటే ముందు మేల్కొనేది మరొకటి ఉంది. మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే ఆ ప్రోగ్రామును బయోస్ అంటారు. మెమరీ ఎంత ఉంది, కీబోర్డు తగిలించారా, డిస్కు ఎక్కడుంది అని చూసుకుని, అంతా సరిగా ఉంటేనే విండోస్‌కు పని అప్పగిస్తుంది. అధికారి రాకముందే వచ్చి తలుపులు తీసి, బల్లలు తుడిచి, ఫైళ్ళు సర్దిపెట్టే అటెండరు లాంటిదన్నమాట. ఆ పేరును మొదట వాడినవాడు అమెరికాకు చెందిన గ్యారీ కిల్డాల్. 1975లో, తన సీపీ/ఎం వ్యవస్థలో ఒక భాగానికి ఆ పేరు పెట్టాడు.

ఈ బయోస్‌కు మనం ఆదేశాలు రాసిపెట్టే పేజీ పేరు సెటప్. ఒకప్పుడు అది వట్టి అక్షరాల పేజీ. ఇప్పుడు రంగురంగుల బొమ్మల పేజీ. రెండింటిలో ఏది మేలన్న వాదన కంప్యూటరు కుర్రవాళ్ళ మధ్య తరచు వినపడుతుంది. ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్ల మధ్య గడిపిన గుమాస్తాగా నా మాట కూడా చెప్పాలనిపించింది.

పేజీ లేని రోజులు

1981 ఆగస్టు 12న ఐబీఎం కంపెనీ తన మొదటి పీసీని విడుదల చేసింది. దానికి సెటప్ పేజీ లేదు. లోపల బోర్డు మీద ఎనిమిదేసి బుల్లి స్విచ్చుల వరుసలు రెండు ఉండేవి. మెమరీ ఎంత, ఫ్లాపీ డ్రైవులు ఎన్ని, తెర ఏ రకం అన్నవి చెప్పాలంటే పెట్టె విప్పి, పెన్ను మొనతో ఆ స్విచ్చులను అటూ ఇటూ జరపాలి. తేదీ గుర్తుపెట్టుకునే గడియారం కూడా బోర్డు మీద లేదు. రోజూ మనమే టైపు చేయాలి.

1984లో వచ్చిన పీసీ ఏటీతో పద్ధతి మారింది. అందులో మోటరోలా కంపెనీ గడియారపు చిప్ పెట్టి, దానికి బ్యాటరీ తగిలించారు. ఆ చిప్‌లో ఉన్న చోటు 64 బైట్లే. 14 బైట్లు గడియారానికి పోగా, మిగిలిన 50 బైట్లలో కంప్యూటరు తన వివరాలన్నీ దాచుకునేది. ఒక పోస్టుకార్డు మీద పట్టే మాటల కంటే తక్కువే. ఆ వివరాలు మార్చే సెటప్ ప్రోగ్రాము మాత్రం ఫ్లాపీలో విడిగా ఇచ్చేవారు. ఫ్లాపీ పోతే తంటాయే.

అక్షరాల పేజీ

ఆ తర్వాత ఐబీఎం నమూనాలో కంప్యూటర్లు చేసే కంపెనీలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. వాటికి బయోస్ రాసి అమ్మడమే వృత్తిగా ఫీనిక్స్, అవార్డ్, అమెరికన్ మెగాట్రెండ్స్ అనే మూడు సంస్థలు పేరు తెచ్చుకున్నాయి. మూడోది 1985లో అమెరికాలో మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరు భారతీయుడైన సుబ్రమణియన్ శంకర్. సెటప్ ప్రోగ్రామును ఫ్లాపీ నుంచి తీసి చిప్‌లోనే పెట్టడం ఈ కాలంలో మామూలయింది. కంప్యూటరు మొదలవుతుండగా డిలీట్ కీ నొక్కితే పేజీ తెరుచుకునేది.

ఆ పేజీకి 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. అవార్డ్ వారిదైతే నీలం తెర మీద పసుపు అక్షరాలు. ఎడమవైపు అంశం, కుడివైపు దాని విలువ. బాణం గుర్తు కీలతో అంశం దగ్గరకు వెళ్ళి విలువ మార్చాలి. ఎఫ్ 10 నొక్కి, ‘వై’ అంటే భద్రమైనట్టు, ‘ఎన్’ అంటే కాదన్నట్టు. అచ్చం మన సర్వీసు రిజిస్టరు లాగే ఉండేది.

తొంభైల మొదట్లో మా ఆఫీసుకు వచ్చిన కంప్యూటరుకు హార్డు డిస్కు వివరాలు మనమే చెప్పాల్సి వచ్చేది. సిలిండర్లు ఎన్ని, హెడ్లు ఎన్ని, సెక్టార్లు ఎన్ని అని అంకెలు. జాబితాలో మన డిస్కు లేకపోతే 47వ రకం ఎంచుకుని, అంకెలు టైపు చేయాలి. యంత్రం వచ్చిన రోజునే సెటప్ పేజీలన్నీ స్టాకు రిజిస్టరు చివర నకలు రాసిపెట్టాను. రెండేళ్ళకు ఒక సోమవారం ఉదయం బ్యాటరీ అయిపోయి, డిస్కు ఉన్న సంగతే యంత్రం మరచిపోయింది. జీతాల బిల్లులు ట్రెజరీకి వెళ్ళాల్సిన వారం అది. ఇంజనీరు హైదరాబాదు నుంచి రావడానికి ఎనిమిది రోజులు పడుతుందన్నారు. ఎస్టీడీలో ఆయన అడిగారు, “మూడో వరుసలో ఏముందండీ?” నేను తెర చూసి చదివాను. “రిజిస్టరులో ఉన్నదే అక్కడ కొట్టించండి” అన్నారు. మా టైపిస్టు కొట్టింది, యంత్రం కదిలింది. ఆయన కొత్త బ్యాటరీతో వచ్చేదాకా రోజూ పొద్దున్నే అదే పని. ఆ నెల జీతాలు ఆగలేదు.

అక్షరాల పేజీ గొప్పతనం నాకు అక్కడ అర్థమయింది. చూసినది చూసినట్టు కాగితం మీద రాసుకోవచ్చు. రాసుకున్నది ఫోనులో చదివి వినిపించవచ్చు. అవతలివాడు తెర చూడకుండానే దారి చెప్పగలడు.

బొమ్మలు వచ్చాయి, వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి

తొంభైల నడుమ, విండోస్ మోజు పెరుగుతున్న రోజుల్లో, అమెరికన్ మెగాట్రెండ్స్ వారు విన్‌బయోస్ అని ఒకటి తెచ్చారు. సెటప్, యుటిలిటీ, సెక్యూరిటీ, డిఫాల్ట్ అని నాలుగు కిటికీలు, వాటిలో బొమ్మలు, మౌస్‌తో నొక్కడం. చూడముచ్చటగా ఉండేది. కానీ నిలవలేదు. అప్పటి బయోస్ చిప్‌లో 128 కిలోబైట్ల చోటు ఉంటే గొప్ప. సాధారణంగా నాలుగు విలువలు మార్చి బయటికి వచ్చే పనికి కీబోర్డే చురుకు. 1998లో ఫీనిక్స్, అవార్డ్ ఒకటయ్యాయి. ఆ తర్వాత కూడా పదేళ్ళకు పైగా అక్షరాలదే రాజ్యం.

ఈలోగా తెర వెనుక మరో మార్పు జరిగింది. పాత బయోస్ 16 బిట్ల కాలపు ఇరుకు గది. ఇంటెల్ కంపెనీ తన ఇటానియం ప్రాసెసర్ల కోసం కొత్త ఏర్పాటు రాసుకుంది. 2005 నుంచి అనేక కంపెనీలు కలిసిన వేదిక దాన్ని యూఈఎఫ్ఐ పేరుతో నడిపిస్తోంది. 2 టెరాబైట్లకు మించిన డిస్కు నుంచి విండోస్ మొదలు కావాలంటే ఈ కొత్త ఏర్పాటు ఉండాలి. దీనిలో బొమ్మలకూ మౌస్‌కూ చోటుంది. 2011 జనవరిలో ఇంటెల్ వారి శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో పాటు, తైవాన్‌కు చెందిన ఆసుస్ లాంటి కంపెనీల బోర్డులు బొమ్మల సెటప్‌తో బజారుకు వచ్చాయి. ఫ్యాను ఎంత వేగంతో తిరుగుతోంది, ప్రాసెసర్ ఎంత వేడెక్కింది అన్నవి గీతలతో చూపిస్తాయి. ఇది నిజమైన మేలే. అంకెల పట్టిక కంటే గీత చూస్తే వేడి సంగతి తొందరగా తెలుస్తుంది.

భాషల విషయంలోనూ కొంత మేలు జరిగింది. చైనా, జపాను, జర్మను భాషల్లో సెటప్ ఇచ్చే బోర్డులున్నాయి. నేను చూసిన వాటిలో తెలుగు లేదు. యూఈఎఫ్ఐ నిర్దేశించిన మామూలు అక్షరానికి 8 చుక్కల వెడల్పు, 19 చుక్కల ఎత్తు ఉన్న గడి. వెడల్పు అక్షరమైతే 16 చుక్కలు. గుణింతాలూ వత్తులూ పైనా కిందా చేరే మన లిపి అలాంటి గళ్ళలో ఇమడదు.

ఇంతకీ ఏది మేలు?

పెద్ద పెద్ద సర్వర్లను దూరాన కూర్చుని సరిచేసేవాళ్ళు ఇప్పటికీ అక్షరాల పేజీని వదల్లేదు. సీరియల్ తీగ మీద అక్షరాలు తేలికగా ప్రయాణిస్తాయి, బొమ్మలు ప్రయాణించవు. మన సంగతి కూడా దాదాపు అంతే. చేయి వణికేవారికి మౌస్ కంటే బాణం కీలు సుళువు. బెంగుళూరులో ఉన్న అబ్బాయికి ఫోనులో చెప్పాలంటే “ఎడమవైపు గుండ్రంగా మెరుస్తున్న బొమ్మ” అనడం కంటే మూడో వరుస చదవడం సుళువు. శుభవార్త ఏమిటంటే, బొమ్మల సెటప్‌లలో చాలావాటికి ‘అడ్వాన్స్‌డ్’ అనే భాగం ఉంది. ఎఫ్ 7 నొక్కితే అక్కడికి వెళ్ళే బోర్డులు చాలా ఉన్నాయి. అందులో పాత పద్ధతిలోనే అంశం, విలువ వరుసగా ఉంటాయి. బొమ్మ చూడటానికి, అక్షరం దాఖలాకు. రెండూ ఉన్న పేజీయే మంచి పేజీ అని నా అభిప్రాయం.

ఇది మనకు ఎందుకంటారా? పాత కంప్యూటరులో నాణెం లాంటి 3 వోల్టుల బ్యాటరీ కొన్నేళ్ళకు అయిపోతుంది. తేదీ ఎప్పటికో వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పయితే బ్యాంకు వెబ్‌సైటు ‘సురక్షితం కాదు’ అంటుంది, పెన్షను వివరాల పేజీ తెరుచుకోదు. యంత్రం పాడయింది, కొత్తది కొనండి అనేవాళ్ళు అప్పుడే తయారవుతారు. ముందు బ్యాటరీ మార్పించి చూడండి. సీఆర్ 2032 అంటే చాలా దుకాణాల్లో ఇస్తారు. అయితే బ్యాటరీ తీసినప్పుడు కొన్ని యంత్రాల్లో సెటప్ విలువలు మొదటికి వస్తాయి. డిస్కు పద్ధతి మారితే విండోస్ లేవదు. అందుకని యంత్రం బాగున్న రోజునే సెటప్‌లోకి వెళ్ళి, బూట్ పేజీ, డిస్కు పేజీ నకలు రాసుకోండి. సెల్‌ఫోనుతో ఫోటో తీసినా సరే. ఆసుస్ వంటి కొన్ని బోర్డుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి ఎఫ్ 12 నొక్కితే తెర నకలు దానిలో చేరుతుంది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే, ఏదైనా మార్చే ముందే దాని రికవరీ కీ కూడా రాసిపెట్టుకోవాలి.

సర్వీసు రిజిస్టరులో ఎక్కని ఇంక్రిమెంటు మనకు అందదని తెలిసినవాళ్ళం. కంప్యూటరు విషయంలోనూ ఆ అలవాటు మానకండి. డైరీలో ఒక పేజీ దానికి కేటాయించి, ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పండి.