ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ: బిడ్డకు మాటలు ఆలస్యమైతే ఎప్పుడు పట్టించుకోవాలి?

హౌరా పక్కన సంత్రాగాఛిలో ఒక తెలుగు రైల్వే కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంట్లో తెలుగు. పక్క క్వార్టర్‌లో బెంగాలీ. కింద ఆడుకునే పిల్లల మధ్య హిందీ. 22 నెలల బాబు దాహమేస్తే 'జొల్' అంటాడు, గ్లాసు చూపిస్తే 'పాలు' అంటాడు, రోడ్డు మీద 'గాడీ' అని అరుస్తాడు. విజయనగరం నుంచి ఫోన్ చేసిన అమ్మమ్మకు మాత్రం వాడి మాటల్లో సగం అర్థం కావు. 'ఇంకా మాటలు రాలేదా?' అని ఆమె బెంగ. అక్కడి నుంచి రెండు సలహాలు మొదలవుతాయి. మూడు భాషలతో వాడు తికమకపడుతున్నాడు, తెలుగు మానేయండి అన్నది ఒకటి. మగపిల్లలకు ఆలస్యమే, మూడేళ్లు ఆగండి అన్నది రెండోది. మొదటిది అనవసరం, రెండోది ప్రమాదకరం.

ఇలాంటి ఇళ్లు ఇక్కడ కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర వాళ్లు ఈ మార్గం వెంట ఖరగ్‌పూర్‌లోనూ ఇతర రైల్వే ఊళ్లలోనూ స్థిరపడ్డారు. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడే వరకు వాల్తేరు డివిజన్ కూడా కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అయితే అంగన్‌వాడీలో బిడ్డను చూసే కార్యకర్త మాట్లాడేది బెంగాలీయే. 'ఎన్ని మాటలు వచ్చు?' అని ఆమె అడిగినప్పుడు తల్లి తెలుగు మాటలే లెక్కపెడితే, లేదా కార్యకర్త బెంగాలీ మాటలే లెక్కపెడితే, బిడ్డ ఉన్నదానికంటే వెనకబడినట్టు కనిపిస్తాడు.

లెక్క ఇలా వేయాలి

అన్ని భాషల మాటలూ కలిపి లెక్కించాలి. 'పాలు', 'దుధ్' రెండూ అంటే రెండు మాటలు. 'జొల్ కావాలి' అంటే అది రెండు మాటల వాక్యమే. అందులో కలగాపులగం ఉంది కానీ లోపం లేదు. ఒకటికి మించిన భాషల మధ్య పెరగడం వల్ల మాటల ఆలస్యం జబ్బుగా రాదని, ఇంటి భాష మానేసినందువల్ల నిజమైన ఆలస్యం తగ్గదని ఈ రంగంలోని నిపుణులు స్థూలంగా అంగీకరించిన విషయం. పైగా తల్లికి సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడమంటే ఆమె మాట్లాడడమే తగ్గిపోతుంది. బిడ్డకు కావలసింది ఎదురుగా కూర్చుని బదులిచ్చే మనిషి. ఫోన్‌లో పాటలు ఆ పని చేయవు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దన్నది భారత శిశువైద్యుల సంఘం సూచన.

మరి ఎప్పుడు ఆగకూడదు? ఏడాది నిండినా 'బబ్బబ్బ', 'దద్దద్ద' లాంటి శబ్దాలు లేకపోతే, వేలితో చూపించడం, టాటా చెప్పడం రాకపోతే ఆగకూడదు. 16 నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోయినా అంతే. వచ్చిన మాటలు పోతే వయసుతో పనిలేదు, వెంటనే చూపించాలి. ఈ గడువులు ఒక భాషా పిల్లలకు, మూడు భాషల పిల్లలకు ఒకటే. భాషల పేరు చెప్పి వీటిని సాగదీయకూడదు.

అప్పుడు మొదట చేయవలసింది వినికిడి పరీక్ష. పుట్టుచెవుడు ఉన్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊకొడతారు, శబ్దాలు చేస్తారు. తర్వాత క్రమంగా తగ్గిస్తారు. తలుపు ధడేలుమంటే ఉలిక్కిపడతారు, అది అదురు తెలిసి కావచ్చు. 'మావాడికి వినిపిస్తుంది' అన్న ఇంటివాళ్ల నమ్మకం అందుకే చాలదు. మేనరికాలున్న కుటుంబాల్లో వంశపారంపర్య వినికిడి లోపం వచ్చే అవకాశం ఎక్కువ. మన తెలుగు ఇళ్లలో ఈ మాట అడగకుండా వదిలేయకూడదు. పుట్టిన నెలలోపు ప్రాథమిక పరీక్ష, 3 నెలలకు నిర్ధారణ, 6 నెలలకు వినికిడి యంత్రం, శిక్షణ మొదలు కావాలన్నది ప్రపంచమంతా పెట్టుకున్న లక్ష్యం. కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థకు కోల్‌కతాలోని బొన్‌హుగ్లీలో ప్రాంతీయ కేంద్రం ఉంది. అదే సంస్థకు సికింద్రాబాద్‌లోనూ ఒకటి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద కూడా 18 ఏళ్లలోపు పిల్లలకు ఈ లోపాలను గుర్తించి ఉచితంగా పైఆసుపత్రికి పంపాలి.

నడక, ఎదుగుదల

నడక విషయంలో ఇంత హడావిడి అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా అయిదు దేశాల పిల్లలను గమనించి ఇచ్చిన లెక్క ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడవడం 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. కొందరు పిల్లలు పాకకుండానే నడుస్తారు. అదీ మామూలే. పక్కింటి పాప పదో నెలలో నడిచిందన్నది మనకు సంబంధం లేని సమాచారం.

బరువుకు మాత్రం తూకం కావాలి. పుట్టిన బరువు 5 నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావడం స్థూలమైన గుర్తు. తల్లీబిడ్డల కార్డులోని ఎదుగుదల చార్టులో బిడ్డ ఏ గీత మీద ఉన్నాడన్నదానికంటే నెలనెలా చుక్కలు పైకి వెళ్తున్నాయా అన్నది ముఖ్యం. రెండు మూడు నెలలు అడ్డంగా సాగితే కారణం వెతకాలి. భాష రాకపోయినా చదవగలిగిన పేజీ అదొక్కటే. పొడవు కూడా కొలిపించండి, చాలాచోట్ల వదిలేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు పశ్చిమ బెంగాల్‌లో 33.8 శాతం, తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2.

రక్తహీనత లెక్కలు ఇంకా చేదు: 6 నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో బెంగాల్‌లో 69 శాతం, తెలంగాణలో 70, ఆంధ్రలో 63.2. ఇది కంటికి కనిపించదు, బిడ్డ నీరసంగా, ఆసక్తి లేకుండా ఉంటాడు. ఏడాది దాటాక అన్నం తినకుండా గ్లాసులకు గ్లాసులు ఆవుపాలు తాగే పిల్లల్లో ఎక్కువ. పాలల్లో ఇనుము దాదాపు లేదు.

విరేచనాలు, దగ్గు

ఇక్కడ కోల్‌కతాను తలచుకోకుండా ఉండలేం. 1971లో తూర్పు పాకిస్తాన్ శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపి తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఆ ద్రావణం తాగినవారిలో 3.6 శాతానికి తగ్గాయి. ఆయన 2022లో మరణించారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

దుకాణాల్లో ఓఆర్‌ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్మడంపై హైదరాబాద్ శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం కాదు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. వైద్యుడు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులు, విరేచనాలు తగ్గినా ఆపకూడదు. పాలు, అన్నం మానిపించకూడదు. కళ్లు గుంటలు పడినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఆసుపత్రికే.

దగ్గు, జలుబులో చూడవలసింది ఊపిరి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషం పాటు లెక్కపెట్టండి. 2 నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, లేదా అంతకు మించితే న్యుమోనియా అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కోసం ఆగొద్దు.

బదిలీ అయి వైజాగో విజయవాడో వచ్చేటప్పుడు టీకాల కార్డు అసలు ప్రతి, దాని ఫోటో రెండూ దగ్గర ఉంచుకోండి. కార్డులో తేదీలు, బరువులు బెంగాలీ అంకెల్లో రాసి ఉంటే పక్కనే మామూలు అంకెలు వేయించుకోండి. బెంగాలీ 4 మన కంటికి 8లా, 7 మన కంటికి 9లా కనిపిస్తుంది. ఏడాది బిడ్డకు 7 కిలోలంటే చాలా తక్కువ బరువు. 9 అని చదివితే ఇక్కడి డాక్టర్ బాగానే ఉందని కార్డు తిరిగి ఇచ్చేస్తారు.