ఋతుపరివర్తనము - సిద్ధాంతకర్తల విచారము

వత్సరమున ఋతువులు మారుటకు సూర్యుని సామీప్యదూరములే కారణమని చదువుకొన్నవారిలో సైతము పలువురు తలచుచుందురు. గణితము దీనికి విరుద్ధముగా నున్నది. జనవరి మొదటివారమున భూమి సూర్యునికి సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరమునను, జూలై మొదటివారమున సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్ల దూరమునను ఉండును. మనము చలికి వణకుచున్నప్పుడే సూర్యుడు మనకు దగ్గర! భూమియొక్క అక్షము తన కక్ష్యాతలమునకు లంబముగా నుండక సుమారు 23 అంశల 26 కలలు వాలి, ఏడాది పొడవునను ఒకే దిక్కునకు చూచుచుండుటయే ఋతుభేదమునకు హేతువు. అందువలన ఉత్తరగోళార్ధము కొంతకాలము సూర్యునివైపు మొగ్గును. అప్పుడు కిరణములు నిటారుగా పడును, పగలు దీర్ఘమగును. దక్షిణగోళార్ధమున అదే సమయమున శీతకాలము.

ఈ విషయమును మన సిద్ధాంతకర్త లెట్లు గ్రహించిరి? సూర్యసిద్ధాంతపు భూగోళాధ్యాయమున, గ్రీష్మమందు సూర్యుడు దేవభాగమునకు మిక్కిలి ఆసన్నుడగుటచే కిరణములు తీవ్రములగుననియు, హేమంతమున మందములగుననియు చెప్పబడినది. ఆ 'ఆసన్న' శబ్దమును బట్టి, గ్రంథకర్త దూరమునే కారణముగా భ్రమించెనని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ నిలువదు. అదే గ్రంథము రవి మందోచ్చమును, అనగా సూర్యుడు భూమికి అత్యంత దూరముగా నుండు స్థానమును, మిథునరాశియందు 77 అంశల వద్ద నిర్దేశించినది. సూర్యుడు మిథునమున నున్నది మనకు గ్రీష్మముననే కదా. గ్రీష్మమున సూర్యుడు పరమదూరస్థుడని లెక్కకట్టిన సిద్ధాంతము, దగ్గరగుటచే ఎండ ముదురునని అదే అర్థమున చెప్పజాలదు. కావున ఇచ్చటి సామీప్యము క్రాంతికి సంబంధించినది. సూర్యుడు ఉత్తరముగా జరిగి తలపైకి వచ్చుటయే దాని భావము. పరమక్రాంతిని 24 అంశలుగా గ్రహించినవారికి ఇది అలవడని విషయము కాదు. భూమి కదలునని, అక్షము వాలియున్నదని మాత్రము వారు చెప్పలేదు. ఆ రూపమున వివరణము 1543లో కోపర్నికస్ గ్రంథముతో వచ్చినది.

చిక్కు వేరొక చోట నున్నది. ఋతువులు అయనములను, అనగా సాయనవర్షమును, అనుసరించును; మన సంక్రాంతులు నక్షత్రములను, అనగా నిరయణవర్షమును, అనుసరించును. వేదాంగజ్యోతిషము ఉత్తరాయణారంభమును ధనిష్ఠాదియందును, దక్షిణాయనారంభమును ఆశ్లేషార్ధమునందును నిలిపినది. పూర్వ మట్లుండెననియు, తన కాలమున మకర కర్కటకాదులయందే అయనములు జరుగుచున్నవనియు వరాహమిహిరుడు 6వ శతాబ్దియందు బృహత్సంహితలో స్పష్టముగా వ్రాసెను. శాస్త్రవాక్యము కంటె కంటికి కనబడుదానికి ప్రాధాన్య మిచ్చిన ఆ ధైర్యము తరువాతి పంచాంగకర్తలలో అరుదు. సూర్యసిద్ధాంతపు వర్షమానము 365.2588 దినములు, సాయనవర్షమానము 365.2422 దినములు. భేదము ఏటికి సుమారు 24 నిమిషములే యైనను, 60 ఏండ్లకు అది ఒక దినమగును. వరాహుని నాటికి ఒక్కటిగా నుండిన ఉత్తరాయణారంభము, మకరసంక్రమణము నేడు సుమారు 24 దినములు విడిపోయినవి.

1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగసంస్కరణ సంఘము ఈ విషయమును విచారించి 1955లో నివేదిక నిచ్చినది. 1957 మార్చి 22 నుండి అమలులోనికి వచ్చిన జాతీయ పంచాంగము సాయనమానమును గ్రహించినది. పండుగల పంచాంగ మంతగా మారలేదు. మారవలెనని పట్టుబట్టుట నా ఉద్దేశము కాదు.

కాని శాసనములను పరిశోధించువారికి దీనితో నిత్యము పని యున్నది. తెలుగు శాసనములందు 'ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తమున' ఇచ్చిన దానములు విశేషముగా గలవు. ఆ మాటలోని అయనశబ్దమును చూచి నిజమైన అయనదినమునకు లెక్కకట్టినచో తిథివారములు కుదరవు. ఉదాహరణమునకు శకవర్షము 1072 ప్రాంతమున నిజమైన ఉత్తరాయణారంభము జూలియన్ గణనము ప్రకారము డిసెంబరు 14, 15 తేదీలలో జరిగెను. మకరసంక్రమణము 24, 25 తేదీలలో పడెను. పది దినముల తేడాలో తిథి మాత్రమే కాదు, పక్షమే మారవచ్చును. అట్టిచోట వారము కలియలేదని శాసనమును కూటశాసనముగా త్రోసివేయుటకు ముందు, ఏ సంక్రమణమును గణించితిమో మరల చూచుకొనవలెను.