కరువు సీమలో విద్యార్థి సేవ: కర్నూలు, కడప కళాశాలల్లో జాతీయ సేవా పథకం

జాతీయ సేవా పథకం, అందరూ పిలిచే పేరుతో చెప్పాలంటే ఎన్.ఎస్.ఎస్., గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న మొదలైంది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దీన్ని 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభించారు. అప్పటికి కర్నూలు, కడప జిల్లాల కళాశాలల్లో విద్యార్థి నాయకత్వానికి ప్రధానంగా రెండు దారులుండేవి. ఒకటి సంఘాల ఎన్నికలు, రెండోది ఎన్.సి.సి. కవాతు. చదువుకునే పిల్లవాణ్ణి పల్లెకు పంపి, అక్కడ పని చేయించి, ఆ పనిలోనే పదిమందిని నడపడం నేర్పే పద్ధతి ఈ పథకంతో వచ్చింది.

అయితే చదువును సేవతో కలిపి చూడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1907లో రాజమండ్రి శిక్షణ కళాశాల విద్యార్థి. వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆయన్ను అక్కడినుంచి వెళ్లగొట్టారు. మరుసటి ఏడాది పత్రికా రచనకు జైలుశిక్ష పడింది. ఆ తర్వాతి జీవితంలో ఎక్కువ భాగాన్ని ఆయన గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ ఇచ్చారు. రాయలసీమలో విద్యార్థి నాయకత్వ చరిత్ర రాసేవారు ఆయన్ను దాటి మొదలుపెట్టడం కష్టం. కళాశాల నుంచి గెంటివేతకు గురైన విద్యార్థే చివరికి ఊరూరా చదువు చెప్పే పనికి నాయకుడయ్యాడు. ప్రభుత్వ పథకమేదీ అప్పటికి లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఇదే ఆలోచన కమిటీల చేతికి వెళ్లింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ స్వచ్ఛంద సేవను సిఫార్సు చేసింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ ఇంకా ముందుకు పోయి, ఉన్నత పాఠశాల దాటి విశ్వవిద్యాలయానికి వెళ్లేవారందరికీ తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు సేవ తప్పనిసరి చేయాలంది. అంత ఖర్చు భరించడం ప్రభుత్వం వల్ల కాలేదు. ఇతర దేశాల అనుభవాన్ని పరిశీలించిన విద్యావేత్త కె.జి. సైయిదైన్ మాత్రం సేవ స్వచ్ఛందంగానే ఉండాలన్నారు. ఈలోగా చైనా యుద్ధం వచ్చింది. 1963లో ఎన్.సి.సి.ని కళాశాలల్లో తప్పనిసరి చేసి, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. చదువుతోపాటే సేవ సాగాలన్న కొఠారి విద్యా కమిషన్ సూచన ఆ ఖాళీలో అమలుకు వచ్చింది.

పథకం నియమాలు సరళమే. ఒక యూనిట్‌కు వంద మంది వరకు వాలంటీర్లు, వారికి ప్రోగ్రాం ఆఫీసరుగా ఒక అధ్యాపకుడు. రెండేళ్లలో 240 గంటల సేవ. యూనిట్ దగ్గరలోని ఒక పల్లెను దత్తత తీసుకోవాలి. ఏడాదికోసారి అక్కడే ప్రత్యేక శిబిరం పెట్టాలి. మొదట్లో పది రోజులు జరిగిన ఈ శిబిరం తర్వాత వారం రోజులకు తగ్గింది.

కర్నూలు, కడపల్లో ఈ నియమాలకు ప్రాణం పోసింది కరువు. ఏడాదికి 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. 1876–78 నాటి కరువు సీమలో లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. 1950ల మొదట్లో గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. ఊళ్లో పెద్దలకు ఆ జ్ఞాపకం ఉండగానే విద్యార్థులు పారలు పట్టుకుని వచ్చారు. దేశంలో అనేక చోట్ల కరువు పడిన తర్వాత 1973లో ప్రత్యేక శిబిరాలకు ‘కరువుపై యువత’ అన్నది ఇతివృత్తమైంది. ఆ మరుసటి ఏడాది ఇతివృత్తం మురికి, రోగాలపై పోరు. తర్వాత అడవుల పెంపకం, గ్రామ పునర్నిర్మాణం వచ్చాయి. కోస్తాలో ఈ ఇతివృత్తాలు ఏటేటా మారి ఉండవచ్చు. సీమలో మాత్రం కరువు అన్న మొదటి మాట ఏ ఏడూ పాతబడలేదు.

శిబిరం దినచర్య దాదాపు అన్నిచోట్లా ఒకటే. బస ఊరి బడిలో. పొద్దున్నే శ్రమదానం: కుంట పూడిక తీయడం, వాననీరు నిలిచేలా కందకాలు తవ్వడం, సర్కారు తుమ్మ కొట్టడం, ఇంకుడు గుంతలు, ఊరి బాట. మధ్యాహ్నం ఇంటింటి సర్వే, ఆరోగ్యం మీదో పొదుపు మీదో ప్రసంగం. రాత్రి పాటలు, నాటికలు. విద్యార్థులు జట్లుగా విడిపోతారు. వంట ఒక జట్టుది, నీళ్లు మోయడం మరో జట్టుది, ఖర్చు లెక్కలు ఇంకొకరివి. బయటివారు చూసేది తవ్విన కందకం. కాని అసలు చదువు సాగేది ఈ పంపకాల్లో. సర్పంచితో మాట్లాడి బడి తాళాలు తెచ్చుకోవడం, పనికి రానివాణ్ణి నొప్పించకుండా లేపడం, రెండు బజార్ల మధ్య పట్టింపు ఉన్న ఊళ్లో ఎవరి ఇంటి ముందు మొదట ఊడ్వాలో తేల్చడం తరగతిలో రావు. వంద మందికి రాత్రి అన్నం చాలకపోతే ఆ మాట పడేది ఇరవై ఏళ్లు నిండని వంట జట్టు నాయకుడే.

ఈ రెండు జిల్లాల్లో దీనికి ప్రత్యేకమైన అర్థం ఉంది. ఇక్కడి పల్లెల్లో నాయకత్వం చాలాకాలం వంశపారంపర్యంగా వచ్చేది. భూమి, కులం, వెనక నడిచే మనుషులు ఉన్నవాడే పెద్ద. ముఠా కక్షలు ముదిరిన దశాబ్దాల్లో ఊరి యువకుడికి దొరికే ‘నాయకత్వం’ ఎవరో ఒకరి పక్షాన నిలబడటమే. శిబిరం కక్షలను ఆపలేదు, ఆపుతుందని ఎవరూ అనుకోలేదు కూడా. అయితే చిన్న కమతం ఉన్న ఇంటి పిల్లవాడు, సుగాలి తండా నుంచి వచ్చినవాడు, మొదటి తరం చదువరి తాను కూడా పదిమందికి పని చెప్పగలనని తెలుసుకున్న చోటు అదే. మహిళా కళాశాలల యూనిట్ల విషయంలో ఈ మాట మరింత నిజం. ఇల్లు దాటి వారం రోజులు పరాయి ఊళ్లో ఉండటానికి ఆడపిల్లల్ని పంపడమే తల్లిదండ్రులకు పెద్ద నిర్ణయం. అధ్యాపకురాలు వెంట ఉంటుందన్న భరోసాపై ఆ గడప దాటడం మొదలైంది.

1986లో సామూహిక అక్షరాస్యత కార్యక్రమం విద్యార్థుల చేతికి పార బదులు పలక ఇచ్చింది. దేశవ్యాప్తంగా లక్షల మంది ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లను అందులో దించారు. కర్నూలుకు ఈ పని ఎంత అవసరమో 2011 జనగణన చూసినా తెలుస్తుంది. అన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతమే. గాడిచర్ల పుట్టిన జిల్లాకు ఇది గౌరవం తెచ్చే అంకె కాదు.

పథకం నడకను విశ్వవిద్యాలయాల భౌగోళికం కూడా నిర్ణయించింది. 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయమే మొదట సీమ కళాశాలలన్నింటికీ పెద్ద దిక్కు. కర్నూలు నుంచి తిరుపతికి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. తర్వాత కర్నూలు కళాశాలలు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి. కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాక గాని ఎన్.ఎస్.ఎస్. సమన్వయకర్త కార్యాలయం సొంత జిల్లాకు చేరలేదు.

అదే కాలంలో మరో మార్పు నిశ్శబ్దంగా జరిగింది. 2006 ఫిబ్రవరిలో పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. కడప తొలి విడతలోనే అందులో చేరింది, కర్నూలు మరుసటి ఏడాది చేరింది. కందకం తవ్వకం, కుంట పూడిక కూలి డబ్బు వచ్చే పనులయ్యాయి. కూలీ చేయవలసిన పనిని విద్యార్థి ఉచితంగా చేస్తే అది సేవా, పోటీయా అన్న ప్రశ్నకు తావు ఏర్పడింది. దాంతో శిబిరాల్లో మట్టిపని పలచబడి సర్వేలు, రక్తదానం, మొక్కల పెంపకం, అవగాహన ర్యాలీలు ముందుకు వచ్చాయి. ర్యాలీ తీయడం తేలిక, ఫొటోకు బాగుంటుంది. కాని పూడిక తీసిన కుంటలా ఏడాది తర్వాత వెళ్లి చూసుకోవడానికి అక్కడేమీ మిగలదు.

ఆంధ్రప్రదేశ్ 2020–21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, మొదటి సంవత్సరం తర్వాత ప్రతి విద్యార్థీ 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు చేయాలన్న నిబంధన పెట్టింది. పల్లెలోనో వాడలోనో సామాజిక, ఆర్థిక సర్వే చేసి, గుర్తించిన సమస్యపై అవగాహన కల్పించి, నివేదిక ఇస్తే క్రెడిట్లు వస్తాయి. దేశ్‌ముఖ్ కమిటీ అడిగిన తప్పనిసరి సేవ ఆరు దశాబ్దాల తర్వాత, చాలా చిన్న పరిమాణంలో, మార్కుల రూపంలో వచ్చినట్టయింది. ఎన్.ఎస్.ఎస్. ఐచ్ఛికంగా పక్కనే కొనసాగుతోంది. రెండింటిలో విద్యార్థిని ఎక్కువ మార్చేది రెండోదే. ప్రాజెక్టును ఒక్కడే పూర్తి చేసి నివేదిక ఇవ్వవచ్చు. శిబిరంలో మాత్రం వంద మందితో కలిసి వండుకుని, తవ్వి, తగవులాడి, సర్దుకుని రావాలి. కొత్త నిబంధన సీమ పల్లెలకు నిజంగా పనికి రావాలంటే కళాశాలలు దాన్ని దత్తత గ్రామంతో, అధ్యాపకుడు వెంట ఉండే శిబిరంతో ముడిపెట్టాలి.